పాత బ్రౌజరు కోసం చీపురుపల్లి

ఆ రోజుల్లో కంప్యూటరు ఏది అప్‌డేట్ చేసుకుంటానన్నా నాకు పెళ్లిపిలుపు అందినంత సంబరంగా ఉండేది. కొత్తదెప్పుడూ పాతదానికంటే మంచిదేనని నా నమ్మకం (డిగ్రీ అయి ఏడాది కాలేదు, అలాంటి నమ్మకాలు ఇంకా చాలా ఉండేవి). నరసన్నపేటలో మా మావ నెట్ సెంటరులో కూర్చునేవాణ్ణి. బ్రౌజరు ఏ సైటుని రానిస్తుందో, దేనికి తలుపేస్తుందో కనిపెట్టడంలోనే నాకు సగం రోజు గడిచిపోయేది.

పాలిటెక్నిక్ కౌన్సెలింగుకి ఆఖరి రోజు పొద్దున్న, చేపలమ్మే అత్త కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది (చుట్టరికమేమీ లేదు, మా వీధికి చేపలు తెచ్చేది గనక అత్త). ఆవిడ మొగుడు సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. శ్రీకాకుళంలో సీటొస్తే పిల్ల రోజూ ఇంటికొచ్చేస్తుందని ఆవిడ ఆశ. ముందురోజు సైటు తెరిచి కాలేజీల పేర్లన్నీ చూపిస్తే, ఆలోచించుకుని వస్తామని వెళ్లారు. తెల్లారేసరికి మా బ్రౌజరు తనంతట తనే కొత్త వెర్షనుకి మారిపోయింది. ఈ బ్రౌజరులో పనిచెయ్యనని సైటు భీష్మించుకు కూర్చుంది.

"నిన్న తెరుసుకున్నాది గదా బాబూ, నేడేటయిపోనాది?" అంది అత్త.

"అప్‌డేట్ అయిపోనాది అత్తా."

"ఎవుల్ని అడిగి అయిపోనాది?"

పాత వెర్షను ఎక్కడో వెతికి ఎక్కించాను. ఊపిరి పీల్చుకునేలోగా అది మళ్లీ కొత్తదైపోయింది. ఇంకోసారి ఎక్కించినా అంతే. మా మావకి ఒళ్లు మండి నెట్ వైరు పీకేసి, "ఒరే, ఇప్పుడెలాగ మారతాదో సూస్తాను!" అన్నాడు. బ్రౌజరు మారలేదు. సైటూ రాలేదు. నాకు నవ్వొచ్చింది గానీ, పిల్ల మొహం చూసి మింగేశాను.

"సీపురుపల్లి టేసను కాడ మన టైపు మాస్టారున్నాడు. ఆడు కంప్యూటరు కొన్న కాడ్నుంచీ దాన్లో ఏటీ మార్సనేదు. ఎల్పోండి," అన్నాడు మావ.

శ్రీకాకుళంలో బస్సు మారి, ముగ్గురం అక్కడికి చేరేసరికి సాయంత్రమైంది. దుమ్ము పట్టిన ఆ కంప్యూటరులో సైటు ఇట్టే తెరుచుకుంది. పిల్ల శ్రీకాకుళం కాలేజీ నొక్కింది. తీరా ఖాయం చెయ్యబోతే, కొత్త విండో తెరవనివ్వనని ఆ పాత బ్రౌజరే అడ్డుపడింది. సెట్టింగులు వెతికి, అనుమతిచ్చి, మళ్లీ మొదట్నుంచి లోపలికెళ్లేసరికి గడువు ముగిసిందని వచ్చింది.

"అంటే ఏటి బాబూ?" అంది అత్త.

"అయిపోనాదమ్మా. ఎల్పోదాం రా," అంది పిల్ల. ఏడవలేదు.

రెండో విడతలో దానికి సీటొచ్చింది, గోదావరి దాటాక ఎక్కడో. చదువు అక్కడే, తర్వాత ఉద్యోగమూ ఆ పక్కనే. చాన్నాళ్లకి మా వీధిలో తట్ట దించుతూ అత్త చెప్పింది: "పిల్ల రోజూ ఫోన్లో అగుపిస్తాది. మద్దిలో బొమ్మ ఆగిపోతే మాత్తరం నిన్నే తిడతాను బాబూ."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు చీపురుపల్లి నుంచి తిరుగు బస్సులో, వెనక సీట్లో ఉన్న తల్లీకూతుళ్ల వైపు తిరిగే ధైర్యం లేక, ఊరొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్న ఆ నెట్ సెంటరు కుర్రాడు నాకింకా కనిపిస్తూనే ఉంటాడు. మర్నాటికి మెడ పట్టేసింది, పాపం వాడికి.