రత్నకుమార్ ఫెయిల్ చేసిన థర్మామీటర్లు

రత్నకుమార్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరైనా "వేడిగా ఉంది" అంటే "ఎంత?" అని అడుగుతాడు. అదొక్కటీ తీసేస్తే మనిషిలో వంక పెట్టడానికి ఏమీ ఉండదు. కానీ ఖతర్‌లో బతికేవాడికి అది చిన్న జబ్బేం కాదు. ఇక్కడ ఏడాదిలో ఎనిమిది నెలలు ఇద్దరు మనుషులు కలిస్తే ముందు మాట్లాడుకునేది ఎండ గురించే.

"అబ్బ, చంపేస్తోందండీ ఎండ."

"ఆయ్, ఎంతండీ?"

"చాలా ఉంది."

"చాలా అంటే ఎంత? నలభై రెండా, నలభై ఆరా? ఎవరు చూశారు? ఏ మీటరుతో చూశారు?"

అవతలివాడు బస్సు రాకపోయినా వచ్చినట్టు నటించి అక్కడినుంచి తప్పుకునేవాడు.

అల్ ఖోర్ దగ్గర ఒక గ్యాస్ ప్లాంటులో ఆయన ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. ప్లాంటులో ఉన్న మీటర్లు నిజం చెబుతున్నాయో అబద్ధం చెబుతున్నాయో పరీక్షించి, ఒక్కోదానికీ ఒక్కో చిన్న స్టిక్కరు అంటించడం ఆయన డ్యూటీ. ఏ రోజు చూశాడు, ఎంత తేడా ఉంది, పాసా ఫెయిలా, కింద సంతకం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. డ్యూటీ దిగాక కూడా చెయ్యి ఊరుకోదు కాబట్టి ఇంట్లో ఫ్రిజ్జుకీ, గీజరుకీ, ఓవెనుకీ స్టిక్కర్లు పడ్డాయి. ఆయన భార్య తెరెసా నర్సు. ఆమె జ్వరం చూసే థర్మామీటరుకు ఫెయిల్ స్టిక్కరు పడిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా బయటికి చెప్పుకోవడం మానేశారు.

ప్రార్థన కూటం ఆయన ఇంట్లో జరిగితే బిర్యానీ డేగిసా మూత తీసేది ఆయనే. అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడితే, ఆయన పొడవాటి సూది ఒకటి బిర్యానీ నడిబొడ్డులో గుచ్చి, కళ్ళజోడు పైకెత్తి చూసేవాడు.

"మధ్యలో అరవై ఎనిమిదే ఉంది. ఇంకో పది నిమిషాలు ఆగాలి."

"చెయ్యి కాలిపోతోంది అన్నయ్యా, ఇదిగో చూడండి!"

"చెయ్యి అబద్ధం చెబుతుంది తమ్ముడూ."

ఆ పది నిమిషాల్లో పాస్టరుగారు ఇంకో ప్రార్థన మొదలుపెట్టేవారు. అది పదితో ఆగేది కాదు.

ఆ చెయ్యి కాల్చుకున్న తమ్ముడి పేరు రాజ్ కిరణ్. గుడివాడ మనిషి, అదే ప్లాంటులో స్టోర్‌కీపరు. ఒకే విల్లాని గోడ కట్టి రెండు వాటాలు చేస్తే, ఒక దాంట్లో రత్నకుమార్, తెరెసా, రెండో దాంట్లో రాజ్ కిరణ్, ప్రవల్లిక. వెనక వాకిలి ఉమ్మడి. రత్నకుమార్‌ని చూసి రాజ్ కిరణ్ నవ్వినంతగా ఇంకెవరూ నవ్వలేదు. ఆయన లేకపోతే తోచనిదీ రాజ్ కిరణ్‌కే. ఈ రెండో సంగతి అతనికి ఆలస్యంగా తెలిసింది.

ఇద్దరికీ కుదిరింది గాలాల దగ్గర. ఇక్కడ సెలవురోజు శుక్రవారం. ఆ రోజు చర్చి నుంచి తిరిగొచ్చాక ఇద్దరూ సముద్రం ఒడ్డున రాళ్ళ మీద కూర్చునేవారు. గాలానికి కట్టే సీసపు గుళ్ళు రాళ్ళ సందుల్లో ఇరుక్కుని వారానికి నాలుగైనా తెగిపోయేవి. ఫిబ్రవరిలో ఒకరోజు అయిదోది కూడా తెగాక రత్నకుమార్ అన్నాడు:

"తమ్ముడూ, మే నెలలో నా ఉద్యోగం అయిపోతుంది, వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరెళ్ళిపోతాం. వెళ్ళేలోగా మన గుళ్ళు మనమే పోసుకుందాం. మా నాన్న నరసాపురంలో వలలకి పోసేవాడు. ఆ పని నీకు నేర్పి వెళ్తాను."

"మీ నాన్నగారు వేడి ఎలా చూసేవారు అన్నయ్యా?"

"కరిగిన సీసం మీద ఉమ్మేసి చూసేవాడు. అందుకే ఆయనకి ఒకటే కనుబొమ్మ ఉండేది."

రాజ్ కిరణ్ తండ్రి అతని చిన్నప్పుడే పోయాడు. అతనికి పనిగట్టుకుని ఏదైనా నేర్పిస్తానన్న పెద్దమనిషి రత్నకుమార్ ఒక్కడే. అందుకని పైకి నవ్వినా, ఆ రోజు నుంచి అతనికి వేరే ధ్యాస లేదు. గ్యారేజీ నడిపే ఖాసీం దగ్గరకెళ్ళి, టైర్ల బ్యాలెన్సింగుకు కొట్టే పాత సీసం ముక్కలు ఒక బకెట్ నిండా అడిగి తెచ్చాడు. గ్యాస్ పొయ్యి, ఇనప గరిటె, అచ్చు, తోలు గ్లౌజులు అన్నీ సమకూరాయి. ఇక మిగిలింది థర్మామీటరు.

"మామూలువి పనికిరావు. సీసం మూడువందల ఇరవై ఏడు దగ్గర కరుగుతుంది. నాలుగువందలు దాటనివ్వకూడదు," అని రత్నకుమార్ ఇంటర్నెట్ తెరిచాడు. సీసం కరిగించే థర్మామీటరు అని కొట్టగానే ప్రపంచంలో తూటాలు పోసుకునేవాళ్ళందరూ వరసగా ప్రత్యక్షమయ్యారు. ఏ తూటాకి ఎన్ని డిగ్రీలు కావాలో, డయల్ ఉన్నది మేలో డిజిటల్ మేలో, వాళ్ళు పేజీల కొద్దీ కొట్టుకుంటున్నారు. రత్నకుమార్ నోట్సు రాసుకోవడం మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఈ దేశంలో కూర్చుని తూటాలు అని వెతక్కండి. మీ ఇకామా కార్డు మీదున్న ఇంటి అడ్రసే నాదీ."

"నేను తూటాలు చదవడం లేదు తమ్ముడూ. టెంపరేచర్లు చదువుతున్నాను. వీళ్ళు మంచి శ్రద్ధ ఉన్న మనుషులు."

వారం చదివి, దోహాలో ఫసీయుద్దీన్ షాపులో పొడవాటి కాడ ఉన్న డయల్ థర్మామీటరు ఒకటి కొన్నాడు. ఐసు నీళ్ళలో పెట్టి చూశాడు, మరిగే నీళ్ళలో పెట్టి చూశాడు, పాస్ స్టిక్కరు అంటించి సంతకం పెట్టాడు. మార్చి మధ్యలో వచ్చే శుక్రవారం ముహూర్తం అనుకున్నారు.

ఆ శుక్రవారం పొద్దున రాజ్ కిరణ్ గ్లౌజులు తొడుక్కుని వాకిట్లోకి వస్తే అక్కడ పొయ్యి లేదు. బకెట్ మీద గోనెపట్టా కప్పి, తాడుతో బిగించి కట్టి ఉంది. రత్నకుమార్ డయల్ మీద స్టిక్కరును గోటితో గీకుతున్నాడు.

"ఇది ఫెయిల్ తమ్ముడూ."

"నిన్న పాస్ అన్నారుగా!"

"ఇవాళ ఫెయిల్."

ఒకసారి పాస్ చేసినదాన్ని ఫెయిల్ చెయ్యడం ఆయన చరిత్రలో లేదు. రాజ్ కిరణ్ అప్పుడే అనుమానించాల్సింది. వయసు మీద పడుతోందిలే అనుకుని నవ్వేసి ఊరుకున్నాడు.

ఇక అక్కడినుంచి ఏడు వారాలు ప్రతి శుక్రవారం ఒక పరీక్షా, ఒకటో రెండో ఫెయిళ్ళూ. తుపాకీలా గురిపెట్టి చూసేది తెస్తే, కరిగిన సీసం అద్దంలా మెరుస్తుంది కాబట్టి అది తక్కువ చూపిస్తుంది, ఫెయిల్. కాడ పొట్టిదైతే అడుగుదాకా అందదు, ఫెయిల్. వైరుతో వచ్చేది తెస్తే వైరు పొడుగైంది, దారిలో వేడి ఎంత పోతుందో, ఫెయిల్. చివరికి ఫసీయుద్దీనే విసిగిపోయాడు. నిజామాబాద్ మనిషి, మనసులో ఏదీ దాచుకోడు.

"అన్నా, ఇంతకుముందు కొన్నయి గూడ మంచిగనే ఉండె గద. నువ్వు సీసం కరిగిస్తవా, నా దుకాణం మూపిస్తవా?"

"వాకిట్లో కుదరకపోతే ఖాసీం గ్యారేజీలో పెడదాం అన్నయ్యా," అన్నాడు రాజ్ కిరణ్.

"అక్కడ గాలెక్కువ. రీడింగ్ నిలబడదు."

ఏప్రిల్ చివరి శుక్రవారం వచ్చింది. రత్నకుమార్‌కు ఖతర్‌లో అదే ఆఖరి శుక్రవారం. ప్రార్థన కూటం అయ్యాక, అందరూ టీ తాగుతుండగా, రాజ్ కిరణ్ పదకొండో థర్మామీటరు తన చేత్తో కొనుక్కొచ్చి టేబుల్ మీద పెట్టాడు. తూటాలు పోసేవాళ్ళందరూ మెచ్చుకున్న రకమే. రత్నకుమార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూడువందల ఇరవై ఏడు దగ్గర ఇది నిజం చెబుతుందని ఏంటి నమ్మకం?"

"సీసమే చెబుతుంది కదండీ! కరిగిందంటే మూడువందల ఇరవై ఏడే!"

"అది శుద్ధమైన సీసం అయితే. ఇది టైర్ల సీసం. ఏమేం కలిపారో ఎవరికి తెలుసు? ఫెయిల్."

అప్పుడు రాజ్ కిరణ్ నోరు జారాడు. జారాడనడం కూడా అబద్ధమే, కావాలనే అన్నాడు.

"మీకు సీసం కరిగించడం రాదు. ఒప్పుకోండి. ఇరవై ఆరేళ్ళు ఎవరో చేసిన మీటర్లకి స్టిక్కర్లు అంటించారు. మీ చేత్తో మీరు ఏదైనా ఒక్కటి చేశారా?"

పదిహేనుమంది కప్పులు పట్టుకుని వింటున్నారు. ఎవరేమన్నా "ఎంత?" అని అడిగే మనిషి ఆ రోజు ఏమీ అడగలేదు. జేబులోంచి స్టిక్కరు తీసి, ఫెయిల్ అని రాసి, సంతకం పెట్టి, టీ చల్లారిపోయిందని చెప్పి లోపలికి వెళ్ళాడు. టీని కొలవకుండా చల్లారిందని ఆయన అనడం అదే మొదటిసారి.

మే మొదటి వారంలో పొద్దుటి ఫ్లైటుకు వాళ్ళు వెళ్ళిపోయారు. రాజ్ కిరణ్ ఆ రోజు సెలవు పెట్టుకున్నవాడే, రద్దు చేసుకుని డ్యూటీకి వెళ్ళాడు. ఎవరూ అడగని వాషర్లు లెక్కపెడుతూ స్టోర్లో కూర్చున్నాడు. తొమ్మిదింటికి తల మీదుగా విమానం ఒకటి పోతే బయటికి వచ్చి చూశాడు. అది వాళ్ళదో కాదో కూడా తెలియదు. ఫోన్ చేసి ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఆ ఒక్క ఉదయం మళ్ళీ వస్తే బాగుండునని అతను ఈనాటికీ అనుకుంటూనే ఉంటాడు.

వారం తర్వాత ప్రవల్లిక అతన్ని కూర్చోబెట్టి, స్కానింగ్ కాగితం చేతిలో పెట్టింది.

"పదమూడో వారం," అంది.

రాజ్ కిరణ్ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. రెండేళ్ళ కిందట ఇలాగే అయిదో వారంలో తెలిస్తే, ఆగలేక ఆ శుక్రవారమే ప్రార్థన కూటంలో లేచి, దేవుడు చేసిన మేలని అందరి ముందూ సాక్ష్యం చెప్పి కేకు కోయించాడు. రెండు వారాల్లో అంతా అయిపోయింది. ఆ తర్వాత నెలల తరబడి కనిపించినవాళ్ళందరూ ప్రవల్లికను ఎన్నో నెల అని అడిగేవారు. ప్రతివాళ్ళకీ ఆమే చెప్పుకోవాల్సి వచ్చింది.

"మళ్ళీ అలా చెప్పుకోవడం నావల్ల కాదండీ. అందుకే మూడు నెలలు నిండేదాకా మీకు చెప్పలేదు. తెరెసా అక్కకి మాత్రం చెప్పాను. వాకిట్లో మన కిటికీ కిందే పొయ్యి పెడుతున్నారని తెలిసి భయమేసింది. సీసం పొగ కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిది కాదు. దుమ్ము బట్టలకి అంటుకుని ఇంట్లోకి కూడా వస్తుందంట. అక్క బావగారికి చెప్పింది. ఆయన ఒక్కటే అడిగారంట."

"ఏమని?"

"'ఎన్ని వారాలు?' అని."

రాజ్ కిరణ్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"మీకు తెలియనివ్వనని నాకు మాట ఇచ్చారు. మీరు అంత మాట అన్న రోజు నేనే చెప్పేద్దామని లేచాను. కూర్చోమని ఆయన కళ్ళతోనే సైగ చేశారు. ఎయిర్‌పోర్టులో ఇది ఇచ్చి, మీకు చెప్పిన రోజే ఇమ్మన్నారు."

అది ఖర్జూరాలొచ్చే పెద్ద డబ్బా. దాన్ని పక్కన పెట్టి రాజ్ కిరణ్ ముందు వాకిట్లోకి పరిగెత్తాడు. సీసం అక్కడ ఉండకూడదు, ఇప్పుడే పారెయ్యాలి. గోనెపట్టా తాడు కోసి చూస్తే బకెట్ నిండా సముద్రపు ఒడ్డున దొరికే గులకరాళ్ళు. ఖాసీంకి ఫోన్ చేశాడు.

"ఆ సీసమా? ఎప్పుడో మార్చిలోనే మీ అన్న తెచ్చి వాపసు ఇచ్చె కదా," అన్నాడు కడప మనిషి ఖాసీం. "తానే మోసుకొచ్చినాడు పాపం, నన్ను కూడా ముట్టుకోనీలే."

అంటే ఏడు వారాల పాటు ఇద్దరూ పోట్లాడుకున్నది ఒక బకెట్ గులకరాళ్ళను కరిగించడానికి ఏ థర్మామీటరు మంచిదని. రాజ్ కిరణ్ ఆ రాళ్ళ పక్కనే కూలబడ్డాడు.

డబ్బాలో పదకొండు థర్మామీటర్లూ ఉన్నాయి. ఒక్కోదాని మీదా పాత ఫెయిల్ స్టిక్కరు గీకేసి, కొత్తది అంటించి ఉంది. పాస్. పాస్. తేడా ఒక డిగ్రీ, పాస్. ఆ మొదటి డయల్ మీద మాత్రం ఇంకో వాక్యం ఉంది: "మొదటినుంచీ పాసే. తప్పు సంతకాలు పెట్టాను. దేవుడు క్షమించాలి." ఇరవై ఆరేళ్ళలో ఒక్క మీటరు గురించి కూడా అబద్ధం రాయని మనిషి, పక్కవాటా పిల్ల నిశ్చింతగా ఉండాలని పదకొండుసార్లు రాశాడు. ఆ మనిషిని పట్టుకుని తను ఏమన్నాడో గుర్తొచ్చి రాజ్ కిరణ్‌కు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అడుగున పన్నెండోది ఒకటి ఉంది. పసుపుపచ్చ రబ్బరు బాతు. పసిపిల్లల స్నానపు నీళ్ళలో తేలుతూ వేడి చెప్పే రకం. దాని పొట్ట మీద స్టిక్కరు: "ఇది మాత్రం నిజంగానే ఫెయిల్. రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఆడుకోవడానికి ఉంచండి. నీళ్ళ వేడి మోచెయ్యి ముంచి చూసుకో తమ్ముడూ. చెయ్యి అన్నిసార్లూ అబద్ధం చెప్పదు."

రాజ్ కిరణ్ నరసాపురానికి ఫోన్ కలిపాడు. ఒకటే రింగుకు ఎత్తారు.

"అన్నయ్యా..." అన్నాడు. "మిమ్మల్ని అంత మాటన్నాను. పంపించడానికి కూడా రాలేదు. నాకు చాలా బాధగా ఉందండీ."

అవతల ఏదో కదిలిన చప్పుడైంది. కళ్ళజోడు పైకెత్తుకుంటున్నట్టున్నాడు.

"చాలా అంటే ఎంత తమ్ముడూ?" అన్నాడు రత్నకుమార్.