కాటా పిన్ని రాసిన అరవై ఒకటి

పెద్ద విమానాల కంపెనీకి ఈ ఊరంటే మొదట్నుంచీ చిన్నచూపే. రన్‌వే చాలదన్నారు, జనం చాలరన్నారు. చివరికి ఇలాంటి ఊళ్ళ కోసమని ఒక పిల్ల కంపెనీ పెట్టి, దాని చేతిలో పంతొమ్మిది సీట్ల విమానాలు నాలుగు పెట్టి చేతులు దులుపుకున్నారు. వాటిలో ఒకటి రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇక్కడికి వచ్చిపోతుంది. అంత చిన్న విమానానికి మనుషుల బరువుతో పని ఉంటుంది. లావుపాటి వాళ్ళంతా వెనక చేరితే దాని ముక్కు కిందికి దిగనంటుంది. అందుకని ఎక్కే ప్రతివాళ్ళూ ముందు కాటా ఎక్కాలి. వాళ్ళ బరువును బట్టే సీటు.

ఆ కాటా పక్కన పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్న ఆవిణ్ణి ఊరంతా కాటా పిన్ని అంటుంది. టికెట్టు చూసేదీ, తూచేదీ, సీటు చీటీ రాసేదీ, ఆనక గేటు తెరిచేదీ ఆవిడే. ఆవిడకంటే వయసులో పెద్దవాడైన కెప్టెన్ కూడా పిన్నీ అనే పిలుస్తాడు.

పిన్నికి ఒక నియమం ఉంది. అంకె ఆవిడ నోరు దాటదు. ముల్లు తనకొక్కదానికే కనబడేలా కాటాకి అడ్డంగా అట్ట కట్టుకుంది. ఎవరి కోడలు నెల తప్పిందో అత్తగారికంటే ముందు పిన్నికే తెలిసేది. పెళ్ళాంతో మాటల్లేక ఎవరు పస్తులుంటున్నారో తెలిసేది. నోట్లో నువ్వుగింజ నానని ఊళ్ళో ఇన్ని సంగతులు కడుపులో పెట్టుకుని తిరగడం మాటలు కాదు. "ఎంతున్నాను పిన్నీ?" అని ఎవరైనా అడిగితే, "మోసేది విమానం, నీకెందుకయ్యా బాధ?" అనేది.

ఇంకొక అలవాటు కూడా ఉంది, అది కంపెనీకి తెలియదు. తన వాళ్ళనుకున్నవాళ్ళని పిన్ని తూచేది కాదు. తరచుగా వచ్చే ఏడెనిమిది మంది ఎదురుపడగానే, "మిమ్మల్ని కొత్తగా తూచేదేముంది, వెళ్ళండి" అని పాత అంకె రాసేసేది. అది మర్యాద అనుకుంది, ప్రేమ అనుకుంది. సగం ప్రేమే, మిగతా సగం బద్ధకం. నన్నడిగితే ఈ రెండూ కలిసి చేసినంత అన్యాయం పగవాళ్ళు కూడా చేయరు.

ఆ ఏడెనిమిది మందిలో మొదటి మనిషి పిన్ని సొంత అక్క. అక్క కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. ఊరికి ఆ చివర రెండు గదుల ఇల్లు, వెనక గదిలో అచ్చులు, ఆకురాళ్ళు, గులాబీరంగు చిగుళ్ళు. రెండు వారాలకోసారి సోమవారం ఉదయం పళ్ళ సెట్లన్నీ పెట్టెలో సర్దుకుని నగరంలో ఆసుపత్రికి తీసుకెళ్తుంది. పిన్ని ఆ పెట్టెని మాత్రం తప్పకుండా తూచేది. అక్క పేరుకెదురుగా మాత్రం తూచకుండానే అరవై ఒకటి అని రాసేది. ఆరేళ్ళుగా అదే అంకె.

ఒక చలికాలం పెద్ద కంపెనీ వాళ్ళు కొత్త కాటా పంపించారు. దానికి కంప్యూటరు తగిలించారు. మనిషి ఎక్కి నిలబడితే తప్ప అది సీటు చీటీ ఇవ్వదు. పిన్ని దానికీ ఒక అట్ట అతికించింది. మరుసటి సోమవారమే అక్క వచ్చింది, ఒంటినిండా శాలువా కప్పుకుని.

"ఎక్కక్కా."

"నన్ను కూడానా? కొత్తగా ఏమిటే ఇది?"

"నేను కాదు, ఈ మిషను ఒప్పుకోదు. ఒక్క నిమిషం."

అక్క నీళ్ళు నమిలింది. పెట్టె కింద పెట్టింది, మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "సాయంత్రం విమానానికి వెళ్తాలే" అంది. వెనక వరుసలో జనం విసుక్కునేసరికి పెట్టె వదిలి కాటా ఎక్కింది.

నలభై ఏడు.

పిన్ని మిషను చెడిపోయిందనుకుంది. అక్కని దింపి తానెక్కింది, డెబ్బై మూడు. సరిగ్గానే ఉంది. గోడకున్న మంటలార్పే సిలిండరు తెచ్చి పెట్టింది. దాని మీద రాసి ఉన్న బరువే చూపించింది. అప్పుడు తలెత్తి, ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కని నిజంగా చూసింది. దవడలు లోపలికి పోయాయి. రెండు నెలల క్రితం ఆ దవడలు చూసే, "అందరికీ పళ్ళు కట్టి నీవి అమ్మేసుకున్నావా ఏంటి?" అని వేళాకోళమాడింది తనే.

"ఆకలుండటం లేదే, అంతే" అంది అక్క మెల్లగా. "చీటీ ఇవ్వు. నువ్వెవరికీ చెప్పవుగా, నాకు తెలుసు."

అక్క ఇన్నాళ్ళూ ఈ కౌంటరుకి ధైర్యంగా వచ్చింది చెల్లెలు తూచదు, తూచినా చెప్పదన్న నమ్మకంతోనే. అది అర్థమయ్యేసరికి పిన్నికి తన మీద తనకే కోపం ముంచుకొచ్చింది.

"నలభై ఏడు!" అంది గట్టిగా.

వరుసలో అందరూ తలలు తిప్పి చూశారు. అక్క మొహం మాడిపోయింది. "నలుగురిలో పరువు తీశావు కదే!"

"పోతే పోనీ. పద, ఇద్దరం వెళ్దాం. ముందు పళ్ళిచ్చేద్దాం, తర్వాత అదే ఆసుపత్రిలో డాక్టరుకి చూపిద్దాం." సామాన్లు ఎక్కించే అతనికి గేటు తాళాలు అప్పజెప్పి, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి పిన్ని ఆ విమానం ఎక్కింది. దారంతా అక్క కిటికీ వైపే చూసింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ రాసి, "బరువు ఎప్పట్నుంచి తగ్గుతోంది? నెలకి ఎంత?" అని అడిగింది.

అక్క చెల్లెలి వైపు చూసింది. ఊళ్ళో అందరి బరువులూ తేదీలతో సహా పిన్ని బీరువాలో ఉన్నాయి. ఎరువుల కొట్టతనివి ఉన్నాయి, పెద్ద బడి హెడ్మాస్టరువి ఉన్నాయి, ఒక్కసారి వచ్చి మళ్ళీ కనబడని వాళ్ళవీ ఉన్నాయి. అక్కవి నూట యాభైకి పైగా కాగితాలు. అన్నిటి మీదా అరవై ఒకటి.

"తెలియదండి" అంది పిన్ని. అలా అని డాక్టరమ్మ ముందే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పేగులో రాచపుండు, బాగా ముదిరింది అన్నారు. రెండు వారాలకోసారి వచ్చి మందు ఎక్కించుకోవాలి. "ముందు ఈ తగ్గడం ఆగాలి. ఆగితే మందు పనిచేస్తున్నట్టు. ఆగకపోతే నా చేతిలో ఇంకేం లేదు. ప్రతిసారీ బరువు రాసుకుని రండి" అంది డాక్టరమ్మ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది, అయినా పిన్ని పట్టుకుంది. ఆ తర్వాత ఆవిడ తూచకుండా వదిలిన మనిషి లేడు. కెప్టెన్‌ని కూడా ఎక్కమంది, ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టి మరీ ఎక్కాడు. అక్క మాత్రం రెండు సోమవారాలు పిన్నితో ముభావంగానే ఉంది. మూడోసారి తనే శాలువా తీసి, అట్టని పక్కకి లాగేసి, "నాకూ కనబడనీ" అంది.

నలభై ఆరు. నలభై ఐదు. నలభై నాలుగు. ప్రతిసారీ పిన్ని ఉన్నది ఉన్నట్టు రాసింది.

మరో రెండు వారాలకి అక్క ఎక్కింది. నలభై నాలుగు.

పిన్ని కలం పట్టుకుని ఆగిపోయింది. పోయినసారి అంకే మళ్ళీ వచ్చింది. మారని అంకెని నమ్మి ఒకసారి ఎంత పోగొట్టుకుందో ఆవిడకి గుర్తుంది.

"దిగక్కా. మళ్ళీ ఎక్కు."

నలభై నాలుగు.

"చెప్పులు విప్పి ఎక్కు."

"పోయినసారీ విప్పే ఎక్కాను, ఇప్పుడూ విప్పే ఉన్నాను. కళ్ళు కనబడటం లేదా ఏమే?" అని విసుక్కుంటూనే అక్క మూడోసారి ఎక్కింది. వరుసలో ఒక్కరూ గొణగలేదు.

నలభై నాలుగు.

"పెరగలేదా?" అంది అక్క.

"తగ్గలేదక్కా" అంది పిన్ని. ఆ అంకె రాసింది.