మూడో వైరుకు గ్యారంటీ

“నడిపన్నా, రేపు నువ్వు సస్తే గా డాక్టరు నీ పైసలు వాపసు ఇస్తడా?”

ఆర్మూరు పసుపు మార్కెట్లో, మూడో షెడ్డు కింద, పదిమంది వింటుండగా మంగవ్వ అడిగిన మాట ఇది. నడిపయ్యకు కోపం రాలేదు. ఇంత మంచి ప్రశ్న తనకు తట్టనందుకు బాధపడ్డాడు.

పసుపు దలాలు నడిపయ్య గ్యారంటీ అడగకుండా గ్లాసెడు మంచినీళ్ళు కూడా తాగడు. గొడుగు కొంటే దుకాణంలోనే బిందెడు నీళ్ళు పోయించి చూస్తాడు. చెల్లెలి కూతురి పెళ్ళిచూపులకు పోయి, పిల్లవాణ్ణి కిందికీ పైకీ చూసి, “ఎన్నేండ్లు నడుస్తడు?” అన్నాడని బాల్కొండలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక పసుపు సంగతా? బస్తాలోంచి ఒక్క కొమ్ము తీసి, రెండు చేతులూ చెవి దాకా ఎత్తి, ఫట్‌మని విరిచి, ఆ చప్పుడును బట్టి ధర చెప్పేవాడు. బస్తా ఎన్నయినా చెబుతుందిగానీ విరిగిన కొమ్ము అబద్ధమాడదని ఆయన సిద్ధాంతం.

అలాంటివాడికి 2005లో గుండె నీరసించింది. గేటు నుంచి మూడో షెడ్డుకు రావాలంటే నాలుగుచోట్ల కూర్చునేవాడు. ఆ షెడ్డులో పసుపు ఏరే కూలి మంగవ్వదీ అదే జబ్బు. కాళ్ళు వాచిపోయి, పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకునే నిద్రపోయేది. హైదరాబాదులో ఒకే డాక్టరు ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. గుండె కుడిపక్కా ఎడమపక్కా కలిసి కొట్టుకోవడం లేదు. ఛాతీలో చిన్న పెట్టె అమర్చి మూడు వైర్లు దించితే రెండింటినీ కలిపి నడిపిస్తుంది. ఎడమపక్కకు పోయే మూడో వైరే కష్టమైనదీ, ఖరీదైనదీ.

మంగవ్వ వద్దంది. ఆమెకు చావంటే భయం లేదు, అప్పు చేసి చావడమంటేనే భయం. దేవుడి మీద భారం వెయ్యమని నలుగురూ చెప్పారు. అలా చెప్పడానికి ఎవరికీ ఖర్చు లేదు.

నడిపయ్య మాత్రం గ్యారంటీ అడగడానికి బస్సెక్కాడు.

“ఎన్నేండ్లు నడుస్తది సారూ?”

“బ్యాటరీ ఐదారేళ్ళు. అయిపోతే పెట్టె మారుస్తాం.”

“వైరు?”

“మొదట్లో నూటికి ఐదారుగురికి జారుతుంది. మళ్ళీ లోపలికి వెళ్ళి సర్దాలి.”

“గుణం పక్కానా మరి?”

“పదిమందిలో ఏడుగురికి తేడా తెలుస్తుంది. ముగ్గురికి తెలియకపోవచ్చు. ఆ ముగ్గురూ ఎవరో ముందే చెప్పలేం.”

సరుకులో లోపం తానే చెప్పేవాణ్ణి నడిపయ్య ముప్పై ఏళ్ళ దలాలీలో చూడలేదు. అంతటితో ఊరుకోవచ్చు కదా. నెలనెలా వెళ్ళి కొత్త ప్రశ్నలు వేశాడు. రోజంతా గొంతుకూర్చుని పనిచేస్తే వైరు వంగుతుందా? నెత్తిన గంప పెట్టుకుంటే? పసుపు ఉడికించే పొయ్యి సెగ తగిలితే? డాక్టరు ఆయన తెల్లచొక్కానూ వేలి ఉంగరాన్నీ చూసి, “మీరు గంప మోస్తారా?” అన్నాడు.

“అడిగితే పోయేదేముంది సారూ.”

చేతిలో గ్యారంటీ కార్డుతోనే కాటికి పోతావని భార్య ఎంకవ్వ తిట్టింది. ఏడుగురూ ముగ్గురూ లెక్క విని మంగవ్వ వాపసు ప్రశ్న వేసింది కూడా అప్పుడే. వారం తిరక్కముందే నడిపయ్య ఏ గ్యారంటీ లేకుండా ఆపరేషను బల్లెక్కాడు. మార్కెట్టు ముక్కున వేలేసుకుంది.

ఎడమచెయ్యి ఆరువారాలు భుజం దాటి ఎత్తవద్దన్నారు. పద్దెనిమిదో రోజున కొత్త పంట దిగింది. ఊరికే చూసి వస్తానని పోయాడు. ఎవరో కొమ్ము చేతిలో పెట్టారు. చేతులు వాటంతటవే చెవి దాకా లేచాయి. ఫట్‌మంది. కొమ్ము విరిగింది, వైరు జారింది. ఆ సాయంత్రం నుంచి గుండె కొట్టుకున్నప్పుడల్లా పొట్ట ఎగరడం, ఎక్కిళ్ళలాగా మనిషంతా ఊగడం. తల ఊపాడు కాబట్టి బేరం కుదిరిందనుకుని ఒక వ్యాపారి ఆరు బస్తాలు ఎత్తించుకుపోయాడు.

మళ్ళీ హైదరాబాదు, మళ్ళీ కోత. తిరిగొచ్చాక మంగవ్వ అంది: “చూసినవా? నూటికి ఐదుగుర్లల్ల పడ్డవు.”

“తప్పు వైరుది కాదే, నా చేతిది. అది లెక్కల రాయకు.”

ఆ తర్వాత పిచ్చి ముదిరిందనుకున్నారు. రోజూ పొద్దున గేటు నుంచి నడిచొచ్చి, మంగవ్వ ముందు నిలబడి ఎన్నిచోట్ల కూర్చున్నాడో గట్టిగా చెప్పేవాడు. ఇయ్యాల మూడు. ఇయ్యాల రెండు. పంచె పైకి లాగి, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి, వాపుకు గుంట పడుతుందేమో చూడమనేవాడు. మగ కాళ్ళు చూడ్డానికేనా తను కూలికొచ్చిందని మంగవ్వ విసుక్కునేది. విసుక్కుంటూనే చూసేది. నాలుగో నెలలో ఒకరోజు ఎక్కడా కూర్చోకుండా వచ్చాడు.

“గిప్పుడు చెప్పు నడిపన్నా. నేను ఏడుగుర్లల్ల ఉంటనా, ముగ్గుర్లల్లనా?”

“నాకు తెల్వది. కొమ్ము ఇరిసి సూపెట్టిన. బస్తా నీది.”

ధైర్యం చెప్పకపోవడమే ఆమెకు ధైర్యమిచ్చింది. వంద సందేహాలు మూటగట్టుకుని హైదరాబాదు పోయింది. నోరు విప్పకముందే డాక్టరు మొదలుపెట్టాడు: “గంప ఆరువారాలు వద్దు, తర్వాత చిన్నది ఎత్తుకోవచ్చు. గొంతుకూర్చుంటే వైరుకేం కాదు. పొయ్యి సెగకూ భయం లేదు.”

“నేనింకా ఏం అడగలే సారూ.”

“ఏడాదిగా అడిగిస్తూనే ఉన్నావు కదమ్మా.”

మంగవ్వకు అప్పుడు వెలిగింది. జన్మలో గంప ఎత్తని మనిషి ఎవరి గంప గురించి అడిగాడో.

పెట్టె పెట్టించుకున్నాక ఆమెకు గుణం కనిపించింది. నడిపయ్యకంత కాదు, ఒకచోట కూర్చుంటే చాలు, షెడ్డు చేరుతుంది. పడుకునే నిద్రపోతోంది. ఖర్చుకు సర్కారు కొంత ఇచ్చింది, దలాళ్ళు చందా వేశారు, తక్కువపడ్డ నలభైవేలు నడిపయ్య కట్టాడు. గొడుగుకు గ్యారంటీ అడిగినవాడు, ఈ డబ్బు ఎన్నాళ్ళకు తిరిగొస్తుందని మాత్రం అడగలేదు.

ఆమె వారానికి వంద ఇస్తోంది. 2008 వానాకాలం నాటికి ఇంకా ముప్పై ఒక్క వేల ఐదు వందలు బాకీ. అప్పు తీర్చి చావాలంటే మంగవ్వ ఇంకా ఆరేళ్ళు నడవాలి.