తాళం పడ్డ మా పేపర్ల గది

ఖర్చు తగ్గిస్తానంటూ మా సొంత రాష్ట్ర ముఖ్యమంత్రి సూరత్‌లోని మా తెలుగు పేపర్ల గదికి డబ్బు ఆపేసి, తర్వాత దర్జాగా రాజ్యసభకు పోయాడు. మగ్గాల మోతకు చెవులు మొద్దుబారిన మాకు అక్కడ ఒకరు గట్టిగా పేపరు చదివేవారు. నేను అక్షరాలు దిద్దింది ఆ పేపరు మీదే. ఎందుకు ఆపారని ఎన్నిసార్లు రాసినా జవాబు రాలేదు.

మొన్న సూరత్ నుంచి సచిన్ అనే ఊరికి పోయే బస్సులో పక్కన కూర్చున్న తెలుగు ముసలాయన, ఆ ముఖ్యమంత్రి దగ్గర బంట్రోతుగా చేశానని మాటల్లో చెప్పాడు.

"మీ సారుకు మా రెండు పేపర్లే బరువైనయా?" అని విరుచుకుపడ్డాను.

ఆయన చేతిలోని పల్లీల పొట్లం నా ముందుకు జరిపాడు.

"జర తిను అన్నా. సారు ఇంట్ల లైట్లు గూడ తనే ఆర్పేటోడు, గంత పిసినారి. గని మా ఊళ్ల పేపర్ల గదులు ముట్టలే. మాకు ఓట్లున్నయి. మీకు ఆడ ఓటేడిది?"