దిగుడులో న్యూట్రల్

మీరా హుస్సేన్‌కు డీజిల్ మిగిల్చే పిచ్చి ఉంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు లారీ తోలిన ఇరవై ఏళ్లూ దిగుడు కనబడితే చాలు, గేరు న్యూట్రల్‌కు కొట్టి బండిని దాని పాటికి వదిలేసేవాడు. ఓనర్లు మెచ్చుకున్నారు. నడుము మాత్రం మెచ్చుకోలేదు. ఇక లారీ ఎక్కొద్దని డాక్టరు చెప్పాక, ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు ప్యాసింజర్లను తిప్పుకుంటానని, పాత కరెంటు కారు చూసిపెట్టమని నా దగ్గరికొచ్చాడు.

నాది కర్నూలులో పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే అంగడి. కార్ల సంగతి నాకేం తెలుసని అడిగితే, బ్యాటరీ ఏదైనా బ్యాటరీయే కదా అన్నాడు. నిగనిగలాడే ఎర్ర కారు మీద మనసు పడ్డవాణ్ని పక్కకు లాగి, బ్యాటరీలో సత్తువ ఎంత మిగిలిందో సర్వీసు సెంటర్లో పరీక్ష చేయించి, గీతలు పడ్డ తెల్ల కారు కొనిపించాను. అప్పటినుంచి పోరు మొదలైంది. నువ్వు చెప్పినంత దూరం రావడం లేదని కనబడినప్పుడల్లా గొణుగుడే. నాకు ఒళ్లు మండేది.

రాజేశ్వరి పరీక్ష రోజు ఆ గొడవ తేలింది. ఎమ్మిగనూరులో మగ్గం నేసే కంబన్న కూతురామె. టీచరు ఉద్యోగానికి పరీక్ష, కంప్యూటర్ మీద రాయాలి. సాధన చేయడానికి కొత్త ల్యాప్‌టాప్ కావాలని, అందుకు మగ్గం అమ్మేస్తానన్న కంబన్నను నేనే కసిరాను. ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత కంప్యూటర్లో పాత డిస్కు తీసేసి వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచి ఇచ్చాను. కొత్తదానిలాగే పరిగెత్తింది. ఆ పిల్ల దాని మీదే రాత్రీ పగలూ కూర్చుంది. పరీక్ష సెంటరు కర్నూలులో. తొమ్మిదికి గేటు మూస్తారు, నిమిషం ఆలస్యమైనా రానివ్వరు.

ముందురోజు పని మీద ఎమ్మిగనూరు వెళ్లిన నేను పొద్దున్నే రాజేశ్వరితో పాటు మీరా హుస్సేన్ కారెక్కాను. రాత్రి కరెంటు పోయి ఛార్జి సగమే ఎక్కింది. సగం చాలు, చేరతామని ధీమాగా చెప్పింది నేనే. కోడుమూరు దాకా కునికిపాట్లు పడి, కళ్లు తెరిచి చూస్తే మీటరు పాతాళంలో ఉంది. అక్కడి ఛార్జింగ్ పాయింటు పనిచేయడం లేదు. బస్సు ఇప్పుడే పోయిందన్నారు.

ఏసీ కట్టేశాం. వేగంగా పోతే ఛార్జి అయిపోతుంది, మెల్లగా పోతే గేటు మూసేస్తారు. వెనక సీట్లో రాజేశ్వరి హాల్‌టికెట్ గుండెకు అదుముకుని మీటరు కేసే చూస్తోంది. నాకు నిజంగా భయమేసింది.

"నీ మాట నమ్మినందుకు ఈ బిడ్డ కొంప మునుగుతాండాది," అన్నాడు మీరా హుస్సేన్.

గట్టిగా బదులివ్వబోతుంటే దిగుడు వచ్చింది. అతని ఎడమ చెయ్యి గేరు పిడి మీదికి పోయి న్యూట్రల్‌కు తోసింది. చూసుకుని చేసిన పని కాదది, చేతికి అలవాటైన పని.

"న్యూట్రల్ యాల కొట్టినావన్నా?"

"దిగుడు గదప్పా. ఊరికే పోతాది."

"ఊరికే పోతాండేది నీ ఛార్జి. గేరులోనే పెట్టు. దిగేటప్పుడు చక్రాలే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతాయి. న్యూట్రల్‌లో అది రాదు."

అతను నమ్మలేదు. ఇరవై ఏండ్లు బండి తోలినోనికి కంప్యూటర్ల అంగడోడు తోలడం నేర్పుతాండాడా అని ఎగిరాడు. నేనూ గొంతు పెంచాను. మా ఇద్దరి రంకెల మధ్య రాజేశ్వరి మెల్లగా అంది.

"హుస్సేన్ మామా, ఒక్కసారి ఆయప్ప చెప్పినట్ల చెయ్యి. ఈ పరీక్ష కోసరం ఆరేండ్లు కాచుకోనుండా."

పిడిని గేరులోకి తోశాడు. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు కారు మెత్తగా బరువెక్కింది. తెర మీద బాణం బ్యాటరీ వైపు తిరిగింది. దిగుడు అయిపోయేదాకా ఛార్జి అంకె తగ్గలేదు. మరో దిగుడులో మీరా హుస్సేన్ చెయ్యి మళ్లీ దానంతటదే పిడి మీదికి పోయింది. నేను అనేలోపే వెనక్కి లాక్కుని, తొడ కింద పెట్టి దాని మీద కూర్చున్నాడు. కర్నూలు దాకా ఒంటి చేత్తోనే తోలాడు.

ఊళ్లోకి వచ్చేసరికి ఛార్జి అడుగంటిందని తెర మీద తాబేలు బొమ్మ వెలిగింది. ఇక ఎంత తొక్కినా కారు పాకుతోంది, సైకిలు మీద పోయేవాడు మమ్మల్ని దాటిపోయాడు. సెంటరు కనబడింది. వాచ్‌మన్ అప్పటికే గేటు గొలుసు చేతిలోకి తీసుకున్నాడు. కారు పూర్తిగా ఆగకముందే రాజేశ్వరి దూకి పరిగెత్తింది. ఆమె వెనకాలే గేటు మూసుకుంది.

నేను చెప్పిందే నిజమైందని ఒక మాట అనాలని నాలుక దురద పెట్టింది. పక్కకు తిరిగి చూశాను. మీరా హుస్సేన్ ఎడమ చెయ్యి బయటికి తీశాడు. తిమ్మిరెక్కి వేళ్లు ముడుచుకోవడం లేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కుడి చేత్తో నిమురుతున్నాడు.

"నా బిడ్డలకు అన్నం పెట్టిన చెయ్యప్పా ఇది," అన్నాడు. "ఈ పొద్దు దీన్ని తొక్కిపెట్టి కూసుంటే గాని ఆ బిడ్డ గేటు దాటల్యా."