ఉయ్యాల డ్రైవరు ఎడమ కాలు

ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపినాయనకి ఊళ్ళో ఒక్కటే పేరు: ఉయ్యాల డ్రైవరు. ఆయన గేరు మారిస్తే నిలబడ్డవాళ్ళు కూడా పైన కడ్డీ పట్టుకునేవారు కాదు. ఆస్పత్రి స్టాపులో పచ్చి బాలింతలు వచ్చిన బస్సును వదిలేసి, "ఉయ్యాలాయన బస్సు ఎప్పుడొస్తుందండీ?" అని అడిగి మరీ కూర్చునేవారు.

అలాంటి మనిషికి అరవై తొమ్మిదో ఏట సొంత కారు కుదపడం మొదలుపెట్టింది. ఫస్టు నుంచి సెకండుకి మార్చి క్లచ్చి వదలగానే ఒక్క ఊపు. పక్క సీట్లో ఉన్న భార్య ఒళ్ళోంచి సంచీ జారి, టమాటాలన్నీ కాళ్ళ కింద దొర్లాయి. ఆవిడ వంగి ఒక్కొక్కటే ఏరి సంచీలో వేసుకుంది. ఆ ఏరుకోవడమే ఆయన్ని కోసేసింది.

మొదటి మెకానిక్కు క్లచ్చి ప్లేటు మార్చాడు. ఊపు పోలేదు. రెండో అతను గేరు ఆయిలు మార్చి, పక్క సీట్లో కూర్చుని వీధి చివరిదాకా వచ్చి, "బండిలో ఏం లేదు పెద్దాయనా. ఈ వయసులో క్లచ్చి మీద కాలు నిలవదు" అనేశాడు. ఇంట్లో కొడుకుదీ అదే పాట. "ఇక నడపడం మానెయ్యి నాన్నా. చాలు, ఎంతకాలమని?"

కూతురిది నాలుగు వీధుల అవతల సొంత మెకానిక్ షెడ్డు. అక్కడికి మాత్రం ఆయన కారు తీసుకెళ్ళలేదు. మిగతావాళ్ళు అన్న మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్యొచ్చు. కూతురు కూడా "నీ కాలే నాన్నా" అంటే? ఆమె చెప్పిందంటే అది నిజమే అయ్యుంటుంది. ఆ భయంతోనే మూడు వారాలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని నడిపాడు. పొద్దున్నే వాకిట్లో స్టూలు మీద కూర్చుని, ఎవరూ చూడకుండా ఎడమ కాలు చాపి, ముడిచి, మళ్ళీ చాపి చూసుకునేవాడు.

చివరికి భార్యే కూతురికి చెప్పేసింది. "నాన్నా, కారు తీసుకురా" అని ఫోన్లో ఒక్క మాట. వెళ్ళక తప్పలేదు.

షెడ్డులో కూతురు చొక్కా చేతులు మడుచుకుని, ముందు ప్రశ్నలు మొదలుపెట్టింది.

"గేరు పెంచేటప్పుడా, తగ్గించేటప్పుడా?"

"రెండిటికీనమ్మా. క్లచ్చి వదిలినప్పుడు."

"రివర్సులో?"

"కింద ఎవరో గుద్దినట్టు దడ్ మంటుంది."

"గేరు పడటానికి మొరాయిస్తుందా? గరగరమంటుందా?"

"లేదు. వెన్నలా పడుతుంది."

"అయితే గేరుబాక్సు మీద నాకు అనుమానం లేదు." ఆమె బానెట్ ఎత్తింది. "నువ్వు సీట్లో కూర్చో."

"నేనెందుకు?" ఆయన కారు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"నేను ఇంజిన్ చూడాలి కదా. హ్యాండ్‌బ్రేకు లాగి, కుడి కాలు బ్రేకు మీదే ఉంచి, ఫస్టు వేసి క్లచ్చి పట్టీ పట్టని చోట ఆపు. బండి కదలకూడదు, ఇంజిన్ ఆగకూడదు. అది అందరివల్లా కాదు నాన్నా. నీవల్ల అవుతుంది."

ఆయన కాలు నెమ్మదిగా వదిలాడు. ఇంజిన్ చప్పుడు కాస్త బరువెక్కింది. అక్కడ ఆపాడు. వెంట్రుకవాసి అటు పోలేదు, ఇటు రాలేదు.

"అలాగే ఉంచు... ఇంకాసేపు... ఇప్పుడు రివర్సు," బానెట్ చాటునుంచి అరుస్తోంది ఆమె. రివర్సులోనూ కాలు అంతే నిలిచింది.

తర్వాత ఆమె సీట్లో కూర్చుని, ఆయన్ని ఇంజిన్ పక్కన నిలబెట్టింది. క్లచ్చి వదిలీ వదలగానే, పడుకున్న గేదె లేచినట్టు ఇంజిన్ ఒక పక్కకి లేచి దడ్ మని పడింది.

"చూశావా? ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్ చిరిగిపోయింది. నువ్వు కాదు, ఎవరు వదిలినా అది ఎగిరి పడాల్సిందే."

"నా కాలు కాదా?"

"ఆ కాలు అంత నిలకడగా ఉండబట్టే నాకు నిమిషంలో దొరికింది."

ఆయన పక్కకి తిరిగి, ఏదో నలుసు పడ్డట్టు కన్ను తుడుచుకున్నాడు.

ఆమె ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీ ఆనించింది. పాత మౌంటింగ్ బయటికి లాగితే, రబ్బరులో వేలు దూరేంత చీలిక. డిపోలో ఎందరో మేస్త్రీల పని చూసినవాడు ఆయన. పనిముట్ల పెట్టెవైపు చూడకుండానే కావలసిన పానా చేతికి తీసుకునేవాళ్ళు ఆ ముప్పై నాలుగేళ్ళలో ముగ్గురే తగిలారు. నాలుగో మనిషి తన కూతురు.

కొత్తది పెట్టాక ఆమె బోల్టులు పూర్తిగా బిగించలేదు.

"అదేం?"

"ముందు ఇంజిన్‌ని ఊపి దాని చోట సర్దుకోనివ్వాలి నాన్నా. లేకపోతే కొత్త రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది."

ఈ మాట ఆయనకి కొత్త. తనకి తెలియనిది కూతురికి తెలియడం ఎంత హాయిగా ఉంటుందో కూడా కొత్తే.

బిగింపు అయ్యాక ఇద్దరూ రోడ్డెక్కారు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"సెకండు వెయ్యి నాన్నా, చూద్దాం."

"థర్డులో ఉన్నాం తల్లీ."

ఆమె నవ్వు వీధి మలుపుదాకా ఆగలేదు.

రెండు వారాలు తిరగకుండా ఆ షెడ్డు ముందు అయిదు కార్లు వరసకట్టాయి. అన్నీ రిటైరైన డ్రైవర్లవే.

"ఊరంతా చాటింపు వేశావా నాన్నా?" అంది కూతురు.

"చాటింపెందుకమ్మా? దారి అడిగారు, చెప్పాను."