జాణ అన్న మాటకి అర్థం

మా పిన్ని ముప్పై ఒక్క ఏళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ప్రూఫులు దిద్దేవాళ్ల గొడవ ఎవరికి కావాలి? పుస్తకంలో తప్పు దొర్లినప్పుడు తిట్టుకోవడానికి తప్ప వాళ్లు ఎవరికీ గుర్తుకు రారు.

నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. నాన్న ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్లి చేసుకుని ఇంకో ఊరు వెళ్లిపోయాడు. అమ్మ చెల్లెలికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. “దీన్ని నేను చూసుకుంటాను” అని ఒక్క మాట అంది, అంతే. ఆ మాట కోసం పెళ్లి మానుకుందో, వచ్చిన సంబంధాలు నన్ను చూసి వెనక్కి వెళ్లాయో నాకు తెలియదు. అడిగితే, “నీ మొహం! నాకే ఎవడూ నచ్చలేదు” అనేది. రెండు గదుల అద్దె ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్లం.

అచ్చాఫీసులో ప్రూఫు దిద్దడం ఇద్దరి పని. ఒకరు రాతప్రతి చూసి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు కాగితం చూస్తూ తప్పులు పట్టుకోవాలి. పైకి చదవడమంటే మాటలొక్కటే కాదు, చుక్కలూ గీతలూ కూడా చదవాలి. “రాజు సభలోకి రాగానే కామా అందరూ లేచి నిలబడ్డారు ఫుల్‌స్టాప్” అని అలా సాగిపోతుంది. పిన్నిది ఖంగుమనే గొంతు. సీసం అక్షరాలు కూర్చే ముసలాయన్ని అందరూ సీసం తాత అనేవారు. పిన్ని గుమ్మంలో అడుగు పెట్టగానే, “కామాగారొచ్చారు, జరగండి జరగండి” అని ఆయన ఆట పట్టించేవాడు. “ముందు నీ దీర్ఘాలు సరిచూసుకో తాతా” అనేది ఈవిడ. ఇంట్లో కూడా నాకు, “అన్నం తిను కామా పుస్తకం తియ్యి కామా వంకర్లు మానెయ్యి ఫుల్‌స్టాప్” అని హుకుం జారీ చేసేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

నేను కాలేజీలో చేరిన ఏడాది ఒక పండితుడు ఆ అచ్చాఫీసుకి వచ్చాడు. పెద్దాయన, చూపు బాగా మందగించింది. ఒక పాత కావ్యాన్ని టీకతో సహా అచ్చు వేయిస్తున్నాడు. ఆయనకి చదివి వినిపించే పని పిన్నికి పడింది. పక్కనే మెషీన్ రోజంతా దడదడలాడుతుంటే ఆయనకి మాట వినపడేది కాదు. అందుకని గది తలుపు వేసుకుని చదివేవారు. ఎందుకు వేశారన్నది అక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. తెలిసి కూడా తర్వాత నానా మాటలూ అన్నారు, అదీ వాళ్ల బుద్ధి.

ఆ కావ్యంలో కథ చిన్నదే. శత్రురాజు ఒక పట్నాన్ని చుట్టుముడతాడు. నెలలు గడిచి లోపల గింజ లేక జనం అలమటిస్తుంటే మంత్రి ఆ రాజు గుడారానికి వెళ్లి సంధి మాట్లాడతాడు. రాజు వినడు. అప్పుడు ఆ పట్నంలోని వేశ్య ఒకతె అదే గుడారానికి వెళ్తుంది. నాలుగో ఆశ్వాసమంతా ఆమె చూపులూ, నవ్వులూ, ఒంటి సొగసూ. వారం తిరిగేసరికి రాజు సేనని మళ్లించుకుపోతాడు. ఆ పద్యాలన్నీ మా పిన్ని ఆ ఖంగుమనే గొంతుతో, కామాలతో సహా, ఏ వంకరా లేకుండా చదివేసింది. పని అది.

అక్కడే ఆమెకొక తప్పు దొరికింది. ఆ ముచ్చట నాకు అన్నం కలుపుతూ, పండితుడి గొంతు కూడా తనే పెట్టి చెప్పింది.

“మాస్టారూ, ముప్పై మూడో పేజీలో కవిగారు మంత్రిని జాణ అన్నారు. మీరు ‘నేర్పరి’ అని అర్థం రాశారు. నూట పన్నెండులో ఈమెనీ జాణ అన్నారు. ఇక్కడేమో ‘మగవారిని వలలో వేసుకునునది’ అని రాశారు. ఏదో ఒకటి ఉంచుదామండీ.”

“సందర్భం వేరమ్మాయ్.”

“ఏం వేరండీ? ఇద్దరూ వెళ్లింది ఒక గుడారానికే. ఇద్దరూ అడిగింది యుద్ధం ఆపమనే.”

పండితుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “నలభై ఏళ్లు పాఠం చెప్పాను, నాకిది తట్టలేదు. ఆ ఆశ్వాసానికి టిప్పణి నువ్వే రాయి” అన్నాడట. అంతే కాదు, పుస్తకం మొదటి పేజీలో తన పేరు కింద ఆమె పేరు కూడా వేయిస్తానన్నాడు. పిన్నికి అప్పుడు ముప్పై ఏడేళ్లు. అన్నేళ్లుగా ఎందరి పేర్లో సరిచూసింది గానీ తన పేరు అచ్చులో ఒక్కసారి చూసుకోలేదు. ఆ రోజు ఎంత సంబరపడిందో! గిన్నెలు తోముతూ కూనిరాగం తీసింది.

అయిదు నెలలు ఆదివారాలు కూర్చుని, పనికిరాని ప్రూఫుల వెనకవైపు రాసింది. నాకు ఇప్పటికీ కంఠస్థంగా ఉన్న ముక్క ఇది: “ఈమెకు సేన లేదు, భూమి లేదు, ఎంత చదివినా సభలో పీట లేదు. తనదంటూ ఉన్నది ఒళ్లొక్కటే. మంత్రి మాట వినని రాజు ఈమె మాట విన్నాడు. విన్నది ఆమె తెలివినే, కానీ ఒళ్లు చూపిస్తే గానీ వినలేదు. అది ఆమె సిగ్గుపడవలసిన సంగతి కాదు. గెలిచి తెచ్చిన అధికారం కూడా రాజుకి మోజు ఉన్నన్నాళ్లే. పట్నం బతికింది, ఆమె ఏమైందో చెప్పడానికి కవికి ఒక్క పద్యం మిగల్లేదు.” నాకు చదివి వినిపించి, “ఎలా ఉందే?” అనేది. “బానే ఉంది” అనేదాన్ని, తల కూడా ఎత్తకుండా. పంతొమ్మిదేళ్ల పొగరు!

పేరు సంగతి బయటికి పొక్కగానే అచ్చాఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. పుస్తకాలు కుట్టే అతనికి పిన్నంటే ముందునుంచీ పడదు. కుట్టు వంకర పోయిన పుస్తకాలన్నీ వెనక్కి పంపేది మరి. “కామాగారట! ఆ చివరి దీర్ఘం పీకేసి పిలవండి, సరిపోతుంది” అన్నాడట. అందరూ నవ్వారు. సీసం తాత ఒక్కడే నవ్వలేదు.

ఆ పుస్తకాలు కుట్టే అతని కూతురు నా క్లాసులోనే ఉండేది. ఒక మధ్యాహ్నం వరండాలో అందరూ వినేట్టు అడిగింది. “మీ పిన్ని పేరు పుస్తకం మీదికి ఎక్కుతోందటగా? ఆర్నెల్లు తలుపులేసుకుని అలాంటి పద్యాలు చదివితే ఎందుకెక్కదులే!”

దాని చెంప పగలగొట్టాల్సింది. కొట్టలేదు. ముద్దపప్పులా నిలబడి, తర్వాత ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. సాయంత్రం పిన్ని వచ్చి చెప్పులు విప్పుతోంది.

“ఏమైందే, మొహం అలా ఉంది?”

“మాస్టారు నీ పేరు ఊరికే వేయిస్తున్నారా?”

“అంటే?”

“అంటే ఏముంది! నువ్వూ జాణవే పిన్నీ.”

ఏ అర్థంలో అన్నానో ఆమెకి తెలుసు. ఆ రెండర్థాలకీ మధ్య ఎంత దూరముందో ఈ లోకంలో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చేతిలోని చెప్పుని రెండోదాని పక్కన సరిగ్గా పెట్టింది. నాలుగు తగిలించినా బాగుండేది. “అన్నం తిందువు రా” అంది. ఆ రోజు నాకు కంచంలో అన్నం పెట్టి తను తినలేదు. నేను తిన్నాను.

రెండు రోజుల తర్వాత పండితుడు ఒకరి చెయ్యి పట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

“ఏమ్మాయ్, మొదటి పేజీ ప్రూఫులో నీ పేరు నువ్వే కొట్టేశావట? సీసం తాత చెప్పాడు.”

“అవునండీ.”

“ఎవరైనా ఏమైనా అన్నారా?”

“ఎవరూ ఏమీ అనలేదండీ. నాకే అనవసరం అనిపించింది.”

“ఆ ఆశ్వాసంలో నిలిచేది నువ్వు రాసిందేనమ్మా. నా మాట విను.”

“కాఫీ తీసుకుంటారా మాస్టారూ?”

నేను లోపలి గదిలో తలుపు వెనక ఉన్నాను. నాలుగడుగులు వేసి, “నేనే అన్నానండీ, తప్పు నాది” అంటే సరిపోయేది. అక్కడే నిలబడ్డాను. ఆయన కాఫీ సగం తాగి, బరువుగా లేచి వెళ్లిపోయాడు. పిన్ని రాసిన టిప్పణితో సహా పుస్తకం ఆయన పేరొక్కదానితోనే వచ్చింది. రెండేళ్లకి ఆయనా పోయాడు.

తర్వాత నేను చదివింది కూడా సాహిత్యమే. ఉద్యోగం పాఠాలు చెప్పడం. ఆ కావ్యం మాకు పాఠ్యపుస్తకం అయింది. ప్రతి ఏడూ నాలుగో ఆశ్వాసం చెప్పాను. మా పిన్ని వాక్యాలన్నిటినీ ‘పండితులవారు ఇట్లన్నారు’ అని పిల్లలు పరీక్షల్లో రాస్తే మార్కులు వేశాను. ఒక్క ఏడైనా నోరు విప్పి, అది మా పిన్ని రాసిందర్రా అనలేదు. అంటే, మరి పేరేదని అడుగుతారు కదా!

పిన్నికి అరవై దాటాక జబ్బు చేసింది. మంచం మీద ఉండగా అచ్చాఫీసు వాళ్లు నాకు కబురు పెట్టారు. రెండో ముద్రణ వేస్తున్నాం, ముందుమాట మీరు రాయండి అని. పరుగున వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

“పిన్నీ, ఈసారి నీ పేరు వేయిస్తాను. జరిగిందంతా రాస్తాను.”

“ఇప్పుడెందుకే?”

“ఆ రోజు జనం మాటలకి భయపడి కొట్టేశావు. ఇప్పుడెవరున్నారు అనడానికి?”

పిన్ని నా వంక వింతగా చూసింది. “జనానికి భయపడ్డానా? పనిలో చేరిన నాటి నుంచీ అంటూనే ఉన్నారు, ఏనాడైనా లెక్కచేశానా? ఆ పేజీ అచ్చయ్యాక తెచ్చి నీకు చూపిద్దామనుకున్నానే. ఇంకెవరున్నారు నాకు చూపించుకోవడానికి? నువ్వే అలా అనుకున్నాక ఆ పేరు ఎవరి కోసం?”

“ఇప్పుడు చూపించు పిన్నీ, చూస్తాను” అన్నాను. యాభై ఏళ్లకి దగ్గరపడుతున్న మనిషిని, చంటిపిల్లలా ఏడుస్తూ. ఆమె నా తల నిమిరింది. పేరు మాత్రం వద్దంది.

నెల తిరక్కుండా పోయింది. రెండో ముద్రణ వచ్చింది, ముందుమాట ఇంకెవరో రాశారు. ఆమె వద్దంది కాబట్టే ఊరుకున్నానని అందరికీ చెప్పాను. అది అబద్ధం. పేరు వేయిస్తే, అది మొదట ఎందుకు పోయిందో కూడా రాయాల్సి వస్తుంది. అంత ధైర్యం అప్పుడు లేకపోయింది. ఇవాళ రాశాను. వద్దంది కాబట్టి పేరు ఇక్కడా వేయలేదు, నేను చేసింది మాత్రం దాచలేదు. ఇది చూపించుకోవడానికి ఇప్పుడు నాకెవరూ లేరు.